అంటుకునే గుణం

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఇంటి గుట్టు బయటపెడితే పోయేది మన పరువేనని దాని భావం. పడేదేమిటో మాత్రం సామెత చెప్పలేదు. పేగులే అనుకుంటాం. కత్తిపోట్ల కేసులు చూసే క్యాజువాలిటీ డాక్టర్ని అడిగితే, గాయంలోంచి చాలాసార్లు మొదట తొంగిచూసేది పేగు కాదంటారు. పసుపుపచ్చగా, మెత్తగా, సన్నటి నెత్తుటి గీతలతో, కొవ్వు పట్టిన ఒక పొర బయటికి వస్తుంది. ఒక్కోసారి ఆ పొరే రంధ్రంలో బిగుసుకుని, వెనకున్న పేగు బయటికి రాకుండా అడ్డుపడుతుంది. దాని పేరు ఒమెంటం.

మన మాటల్లో గుండె చెరువవుతుంది, కడుపు తరుక్కుపోతుంది, పేగు తెంచుకుని బిడ్డ పుడుతుంది. ఈ పొరకు ఒక్క జాతీయమూ దక్కలేదు. మాంసం కొట్లో మేక పొట్ట కోసినప్పుడు బోటీ మీద నుంచి వలలా ఊడివచ్చే తెల్లటి కొవ్వును చూసే ఉంటారు. హైదరాబాదులో చర్బీ అని, మిగతా చోట్ల ఉత్త కొవ్వని తీసి పక్కన పడేస్తారు. మనలో ఉన్నదీ అదే. జీర్ణాశయం కింది అంచు నుంచి వేలాడుతూ, పేగుల ముందు పరుచుకుని దిగి, మళ్లీ వెనక్కి మడతపడి పైకి వచ్చి, పెద్దపేగు అడ్డభాగానికి కలుస్తుంది. రెండు పొరలు మడతపడ్డాయి కనుక లెక్కకు నాలుగు. అవి ఒకదానితో ఒకటి అతుక్కుని ఒక్కటే అయిపోతాయి. బక్కమనిషిలో దాని గుండా పేగులు కనపడతాయి. బొజ్జ ఉన్నవాడిలో సర్జన్ పేగుల్ని వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇది పెద్దది. దీనికో తమ్ముడున్నాడు. కాలేయానికీ జీర్ణాశయం పై వంపుకీ నడుమ ఉండే పల్చటి పొర అది, చిన్న ఒమెంటం. చూడ్డానికి దిక్కులేనిదిలా ఉంటుంది కానీ, దాని అంచులోనే కాలేయానికి పోయే ధమని, పోర్టల్ సిర, పిత్తనాళం మూడూ పోతుంటాయి. ఆ అంచు వెనక వేలు పట్టే సందు ఒకటుంది. డెన్మార్కులో పుట్టి పారిస్‌లో స్థిరపడిన విన్‌స్లో అనే శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు 1732 నాటి తన పుస్తకంలో దాన్ని వర్ణించాడు. కాలేయం చిట్లి నెత్తురు కారిపోతుంటే, ఆ సందులో వేలు దూర్చి అంచును నొక్కిపట్టమని 1908లో ప్రింగిల్ అనే సర్జన్ చెప్పాడు. ఇప్పటికీ కాలేయం సర్జన్లు చేసేది అదే. ఏ పనీ లేదనుకున్న పొర అంచున ఒక ప్రాణం ఆగుతుంది.

పేర్ల గొడవ ఇక్కడే మొదలవుతుంది. గ్రీకులు పైన తేలేదనే అర్థంలో పెద్ద పొరను ఎపిప్లూన్ అన్నారు. రోమన్లు ఒమెంటం అన్నారు. వైద్యులు ఏదో ఒకటి ఎంచుకోకుండా రెండూ ఉంచుకున్నారు. పొరది లాటిన్ పేరు, దాని అంచు వెంట పోయే ధమనిది గ్రీకు పేరు, గాస్ట్రోఎపిప్లోయిక్. 1895లో బాజెల్ నగరంలో పండితులు కూర్చుని, శరీర భాగాలకు అప్పటికి చలామణిలో ఉన్న దాదాపు 50 వేల పేర్లను 5 వేలకు కుదించారు. ఒకే అవయవానికి పదేసి పేర్లు, ఒక్కో దేశంలో ఒక్కో పండితుడి పేరు పెట్టుకున్న రోజులవి. 1998 నాటి అంతర్జాతీయ పట్టికలో ఆ ధమని గాస్ట్రో-ఒమెంటల్ అయింది, విన్‌స్లో సందు ఒమెంటల్ సందు అయింది. పుస్తకం మారింది గానీ ఆపరేషన్ థియేటర్ మారలేదు. బైపాస్‌లో గుండెకు అతకడానికి ఆ ధమనిని తీసుకునే సర్జన్లు ఇవాళ్టికీ గాస్ట్రోఎపిప్లోయిక్ అనే అంటారు. ఇంకో తమాషా ఏమిటంటే, ఈ పొర ముక్కల్ని పుస్తకాలు లిగమెంట్లు అంటాయి. మోకాలి లిగమెంటులా అవి దేన్నీ బిగించి పట్టవు. ఎంబీబీఎస్ మొదటి ఏడాది పిల్లలు ఇక్కడ తల పట్టుకుంటే తప్పు వాళ్లది కాదు.

మనవాళ్లు దీన్ని ఎరగనివాళ్లేం కాదు. వేదకాలపు యజ్ఞాల్లో దీని పేరు వప. బలిపశువు పొట్టలోంచి మొదట తీసి, కర్రల మీద పరిచి కాల్చి, అగ్నికి ఇచ్చేది దీన్నే. బాలకాండలో అశ్వమేధం చేసిన దశరథుడు, గుర్రం వప వేల్చినప్పుడు లేచిన పొగ వాసన పాపం పోవడానికి పీలుస్తాడు. పుత్రకామేష్టి పాయసం అందరికీ గుర్తుంటుంది, దానికి ముందు లేచిన ఈ పొగను హరికథల్లో సాధారణంగా దాటేస్తారు. ఎక్కడో పడమట, యూదుల లేవీయకాండంలోనూ పేగుల్ని కప్పిన కొవ్వు దేవుడి భాగమే, మనుషులు ముట్టకూడదు. ఒకరినొకరు ఎరగని రెండు జాతుల పురోహితులు పొట్ట కోయగానే పైన కనపడ్డ తెల్లటి మెరుపును చూసి, ఇది మనది కాదు, పైవాడిదనుకున్నారు. అదే పొరను సైప్రస్ వాళ్లు ఖీమా చుట్టి కాల్చుకు తింటారు, ఫ్రెంచివాళ్లూ వంటలో వాడతారు. మన కొట్లో పక్కన పడేసేదానికి దేవుళ్లూ వంటవాళ్లూ కూడా పోటీ అన్నమాట.

చరకుడు మాత్రం దాన్ని దేవుడికి ఇవ్వలేదు, ఒంట్లోనే ఉంచి లెక్కలో వేశాడు. కోష్ఠంలోని పదిహేను అంగాల్లో వపావహనం ఒకటి. అంతటితో ఆగలేదు. మేదస్సును, అంటే కొవ్వును, మోసే స్రోతస్సులకు మూలం మూత్రపిండాలూ, వపావహనమూ అన్నాడు. ఈ మాటతో చివర్లో పని పడుతుంది.

రెండో శతాబ్దంలో పెర్గమాన్‌లో గ్లాడియేటర్లకు వైద్యం చేసిన గాలెన్‌ది వేరే చూపు. గాయపడిన ఒక యోధుడికి ఒమెంటం దాదాపు మొత్తం కోసెయ్యాల్సి వచ్చింది. వాడు త్వరగానే కోలుకున్నాడు కానీ, అప్పట్నుంచి చలికి ఓర్చుకోలేక పొట్టకు ఉన్ని చుట్టుకుని తిరిగాడట. దాంతో ఇది పేగులకు వెచ్చదనమిచ్చేదని గాలెన్ తేల్చాడు. ఒక్క మనిషిని చూసి సిద్ధాంతం కట్టడం ఇవాళ ఏ వైద్య పత్రికా ఒప్పుకోదు. కానీ గాలెన్ మాట ఎన్నో వందల ఏళ్లు నిలిచింది. తర్వాతి రోజుల్లో ఒమెంటం తీసేయించుకున్న ఎంతోమంది మామూలుగానే బతికారు, ఉన్ని చుట్టుకోలేదు.

దీనికి పోలీసు అనే పేరూ ఉంది. ఇంగ్లండులో న్యూకాసిల్ సర్జన్ రదర్‌ఫర్డ్ మారిసన్ 20వ శతాబ్దం మొదట్లో దీన్ని కడుపులో పోలీసు అన్నాడు. ఎక్కడ గొడవ జరిగితే అక్కడికి పోయి నిలబడుతుందని ఆయన ఉద్దేశం. నిజంగానే అపెండిక్స్ వాచి చీము పట్టినప్పుడు సర్జన్ పొట్ట తెరిస్తే, ఒమెంటం దాన్ని చుట్టేసుకుని ఉంటుంది. చేతికి గడ్డలా తగిలే ఆ ముద్దను అపెండిక్యులర్ మాస్ అంటారు, అది ఉంటే వెంటనే కొయ్యకుండా మందులిచ్చి ఆగడం పాత పద్ధతి. పసిపిల్లల్లో ఒమెంటం ఇంకా పొట్టిగా, పల్చగా ఉంటుంది. అపెండిక్స్ పగిలితే చీము పొట్టంతా పాకడానికి అదొక కారణమని పుస్తకాలు రాస్తాయి. మన సినిమాల్లో పోలీసులు ఆఖరి రీలులో జీపు దిగుతారు. ఈ పోలీసు మొదటి రీలులోనే హాజరు.

అయితే అది నడిచి పోదు. దానికి కండరం లేదు, కాళ్లు లేవు, ఎక్కడికి పోవాలో చెప్పే నాడీ లేదు. పేగులు కదులుతుంటే, ఊపిరికి డయాఫ్రం లేస్తూ దిగుతుంటే, వాటితోపాటు అటూ ఇటూ జరుగుతుంటుంది. జరుగుతూ జరుగుతూ ఎక్కడైనా వాపు తగిలితే అక్కడ అంటుకుంటుంది. అంటుకున్నాక ఊడదు. అక్కడికి కొత్త రక్తనాళాలు పంపుతుంది. దాని మీద పాలచుక్కల్లాంటి తెల్లటి మచ్చలుంటాయి. రెక్లింగ్‌హౌజెన్ అనే శాస్త్రజ్ఞుడు వాటిని 1863లో కుందేళ్లలో చూసి రాశాడు, ఆ తర్వాత రాన్వియే అనే ఇంకొకాయన వాటికి పాలమచ్చలని ఫ్రెంచిలో పేరు పెట్టాడు. అవి రోగంతో పోరాడే కణాల గుంపులు. పొట్టలో ఊరే నీటిలోంచి సూక్ష్మజీవుల్ని పట్టేది అక్కడే. అంటే దానికి వచ్చిన విద్య ఒకటే, అంటుకోవడం. మిగతావన్నీ అందులోంచి వచ్చినవే. పోలీసు అనగానే డ్యూటీ, న్యాయం, ఎవడు దొంగో తెలిసిన బుర్ర మన మనసులోకి వస్తాయి. ఆ పొరకు ఆ బుర్ర లేదు.

మారిసన్ ఈ అంటుకునే గుణాన్ని పనికి పెట్టినవాడు కూడా. 1896లో డ్రమండ్ అనే సహచరుడితో కలిసి, కాలేయం గట్టిపడి పొట్టలో నీరు చేరిన రోగికి ఒమెంటాన్ని పొట్టగోడకు కుట్టాడు. అక్కడ పుట్టే కొత్త నాళాలు కాలేయం దగ్గర ఆగిపోయిన రక్తానికి పక్కదారి అవుతాయని ఆయన ఆశ. 1930ల్లో లండన్‌లో లారెన్స్ ఓషానెసీ ఒక అడుగు ముందుకేసి, ఒమెంటాన్ని డయాఫ్రం దాటించి గుండెకు కుట్టాడు, రక్తం అందని గుండెకు అక్కణ్ణుంచి అందుతుందని. ఆయన 1940లో డంకర్క్ దగ్గర యుద్ధంలో చనిపోయాడు. 1972లో మెక్లీన్, బంకీ అనే అమెరికన్ సర్జన్లు ఒమెంటాన్ని పొట్టలోంచి పూర్తిగా విడదీసి, చర్మం ఊడిపోయిన తల మీద పరిచి, మైక్రోస్కోపు కింద రక్తనాళాలు కలిపిన సంగతి ప్రచురించారు. అది అక్కడా అంటుకుంది, బతికింది.

ఇన్ని గొప్ప ఆపరేషన్ల కంటే మన ఊళ్లకు దగ్గరిది ఇంకొకటుంది. మా బాబాయి మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చుకునేవాడు, ఒక్కోరోజు కాఫీ తాగి ఊరుకుని పరగడుపునే వేసుకునేవాడు. ఒక తెల్లవారుజామున పొట్ట చెక్కలా బిగుసుకుపోయి, ముడుచుకుని పడుకున్నాడు. చిన్నపేగు మొదట్లో పుండు చిల్లు పడింది. ఆపరేషనయి ఇంటికొచ్చాక డిశ్చార్జి కాగితం నా చేతికిచ్చాడు. ఒమెంటల్ ప్యాచ్ అని ఉంది.

“ఏరా, ప్యాచ్ అంటే మాసికేగా?” అన్నాడు.

“మాసికే బాబాయ్.”

“ఆ గుడ్డ ఎక్కడిదిరా? దాని బిల్లు ఇందులో లేదు.”

“నీదే. లోపలున్న కొవ్వు పొర లాగి చిల్లు మీద పెట్టి కుట్టారు.”

ఆయన మొహం వెలిగింది. అప్పట్నుంచి పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లకూ తన పొట్టకు తన గుడ్డతోనే మాసిక వేశారని చెప్పుకున్నాడు. శస్త్రచికిత్స పుస్తకాల్లో ఇంత బాగా చెప్పిన వాక్యం నాకు కనపడలేదు. ఆ మాసికకు పుస్తకాల్లో గ్రాహం ప్యాచ్ అని పేరు. టొరంటో సర్జన్ రాస్కో గ్రాహం 1937లో రాశాడు. నిజానికి గ్రాహం వాడింది పొర నుంచి తెంపిన విడి ముక్క. రక్తనాళాలు తెగకుండా పొరను అలాగే లాగి చిల్లు మీద కుట్టే పద్ధతిని అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1929లో, సెలన్-జోన్స్ అనే సర్జన్ రాశాడు. మన జిల్లా ఆసుపత్రుల్లో చాలావరకు చేసేది ఈ రెండోది, కేస్‌షీటులో రాసేది మొదటాయన పేరు. కొందరు రోగుల్లో సర్జన్ చేయి పడకముందే ఒమెంటం చిల్లుకు అంటుకుని మూసేసి ఉంటుంది. అలాంటివాళ్లకు ఏం జరిగిందో వాళ్లకే తెలియకపోవచ్చు.

ఇంతవరకూ వింటే అదొక పుణ్యాత్మురాలనిపిస్తుంది. అదే గుణం ఇంకో చోట ఏం చేస్తుందో చూడాలి. పొట్టలో క్షయ వచ్చినవాళ్లలో అది చాపలా చుట్టుకుపోయి బొడ్డుకు పైన అడ్డంగా గడ్డలా తగులుతుంది. మన మెడికల్ కాలేజీల్లో ఫైనలియర్ పరీక్షకు ఇది ఎంతోకాలంగా వస్తున్న కేసు, క్షయ మన దగ్గర ఇంకా పోలేదు గనక. పాత ఆపరేషన్ గాటుకు అంటుకుని, దాని కిందుగా పేగు మెలిపడేలా చేస్తుంది. అండాశయం క్యాన్సర్ కణాలు విడిపడి పొట్టలో తేలుతుంటే వాటినీ పట్టుకుంటుంది, కానీ పట్టుకుని చంపదు. 2011లో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు నేచర్ మెడిసిన్‌లో రాసినదాని ప్రకారం, ఆ కణాలు ఒమెంటంలోని కొవ్వును లాక్కుని ఇంధనంగా వాడుకుంటాయి. దొంగను పట్టుకొచ్చి ఇంట్లో భోజనం పెట్టినట్టయింది. పోలీసు అన్న పేరు ఇక్కడ పూర్తిగా వీగిపోతుంది. అందుకే అండాశయం క్యాన్సర్ ఆపరేషన్లో పైకి బాగున్నా ఒమెంటం తీసేస్తారు.

క్యాన్సర్ అల్లుకుని గట్టిపడ్డ ఒమెంటానికి స్కాన్ రిపోర్టుల్లో ఒక పేరుంది, ఒమెంటల్ కేక్. పాథాలజీ చదివినవాళ్లకు ఇందులో వింతేం ఉండదు. వాళ్ల శాస్త్రంలో కాలేయం జాజికాయలా ఉంటుంది, క్షయ గడ్డలో జున్నులాంటిది ఉంటుంది, అమీబా చీము చేపల సాస్‌లా ఉంటుంది. వందేళ్ల కిందట శవపరీక్ష బల్ల దగ్గర, రోగి బంధువులెవరూ లేనిచోట, డాక్టర్లు ఒకరికొకరు గుర్తుకోసం చెప్పుకున్న మాటలవి. అప్పుడు వాటి వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. ఇప్పుడు రిపోర్టు డాక్టరు కంటే ముందు ఇంటివాళ్ల ఫోనుకు వస్తుంది. వాళ్లు వాట్సాప్‌లో అందరికీ పంపుతారు. అమ్మ పొట్టలో కేక్ ఉందట అని ఇంటర్ చదివే పిల్ల గూగుల్లో వెతుకుతుంది. రేడియాలజిస్టుకు అది కొలత, ఆ పిల్లకు పుట్టినరోజు మాట. ఒమెంటం గట్టిపడింది, క్యాన్సర్ పాకి ఉండొచ్చు అని రాస్తే శాస్త్రానికి ఏం తరుగు లేదు. ఈ ఒక్క పేరునైనా వదిలెయ్యాలని నా అభిప్రాయం.

పురోహితుడు దీనిలో నైవేద్యం చూశాడు, గ్లాడియేటర్ల వైద్యుడు వెచ్చటి ఉన్ని చూశాడు, విక్టోరియా రాణి కాలంలో పెరిగిన సర్జన్ పోలీసును చూశాడు, స్కాన్ చూసేవాడు కేక్ చూశాడు. ఎవరి వృత్తి వాళ్ల కళ్లకు అడ్డం. మా బాబాయి మాటే నాకు నచ్చడానికి కారణం, ఆయన అది ఏం చేసిందో చెప్పాడు, దానికి మంచీ చెడూ అంటగట్టలేదు.

చరకుడి మాట దగ్గరికి వస్తాను. ఒమెంటానికి చివరి అలవాటు కొవ్వును అంటించుకోవడం. మనం తిన్నది ఖర్చుకాకపోతే చర్మం కింద కొంత, పొట్ట లోపల కొంత చేరుతుంది. లోపల చేరే తావుల్లో ఒమెంటం ముఖ్యమైనది. అక్కడి రక్తం పోర్టల్ సిర గుండా నేరుగా కాలేయానికి పోతుంది. అక్కడి కొవ్వు నుంచి విడుదలయ్యేవన్నీ మొదట కాలేయాన్నే తాకుతాయి. షుగరు, ఫ్యాటీ లివర్, గుండెజబ్బులతో పొట్ట కొవ్వుకున్న సంబంధానికి ఒక వివరణ ఇది. అలాగైతే ఒమెంటం కోసి తీసేస్తే షుగరు తగ్గదా అని కూడా ప్రయత్నించి చూశారు. బరువు తగ్గించే ఆపరేషన్‌తోపాటు తీసేసినా, అదనంగా ఆశించిన మేలు కనపడలేదు. కొవ్వు ఎక్కడో ఒకచోట చేరుతూనే ఉంటుంది.

మన సంగతి ఇంకాస్త ప్రత్యేకం. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన ఫొటో దిగి ఒక చిన్న వ్యాసం వేశారు. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు లండన్‌కు చెందిన యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. తూకం లెక్కన ఇద్దరూ సన్నగా ఉన్నట్టే. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. కాళ్లూ చేతులూ సన్నగా, బొజ్జ మాత్రం ముందుకు ఉన్న మనిషి మనకు ప్రతి బస్టాపులో కనపడతాడు. అది కూర్చుని తినే కలిమికి గుర్తని మనవాళ్లు మురిసిన రోజులున్నాయి. తూకం యంత్రం ఆ మనిషిని పట్టుకోలేదు, టేపు పట్టుకుంటుంది.

కాబట్టి ఇది చదవడం అయ్యాక, కుట్టుమిషన్ డ్రాయర్లోంచి టేపు తియ్యండి. ప్యాంటు సైజు నమ్మకండి, బొజ్జ ఉన్నవాళ్లు ప్యాంటును బొజ్జ కిందికి జార్చి కట్టుకుంటారు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట లోపలికి బిగబట్టకుండా కొలవండి. దక్షిణాసియా మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు హద్దు. దాటితే ఈ వారంలోనే పరగడుపున షుగరు, రక్తపోటు చూపించుకోండి. నొప్పి మాత్రలు వాడుతుంటే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి.